స్త్రీలకు వోటుహక్కు: ఎవరి పేర వచ్చినది?

(ఒక పఠనమందిర వార్షికసభయందు గావింపబడిన యుపన్యాసము)



మన దేశమున స్త్రీలకు వోటుహక్కు లభించిన విధమును గూర్చి మాటలాడుమని యీ పఠనమందిర నిర్వాహకులు నన్ను గోరిరి. ఈ విషయమున మన సభలలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. పాశ్చాత్యదేశములలో స్త్రీలు వీధులకెక్కి, కిటికీల యద్దములు పగులగొట్టి, చెఱసాలలలో నిరాహారవ్రతములు పూని వోటును సంపాదించుకొనిరనియు, మన దేశమున నట్టి కలహమేమియు లేకుండ పురుషులే యుదారబుద్ధితో దాని నొసగిరనియు చెప్పుచుందురు. వినువారికిది సంతోషకరము, చెప్పువారికి గర్వకారణము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని సగము నిజమును నిండు నిజమని నమ్ముట ప్రమాదకరము. ఇచ్చిరి సరియే, ఎవరి పేర నిచ్చిరి? నేడు నేను మీ యెదుట నుంచదలచిన ప్రశ్న యిది యొక్కటే.

ముందుగా నితరదేశముల స్థితిని సంగ్రహముగా మనవిచేసెదను. జాతీయ శాసనసభ యెన్నికలలో స్త్రీలకు వోటునొసగిన మొదటి దేశము న్యూజీలండు. అది 1893 లో జరిగినది. 1902 లో ఆస్ట్రేలియా, అచటి యాదిమవాసులను వెలుపల నుంచి, తక్కిన స్త్రీలకు వోటునిచ్చెను. 1906 లో ఫిన్లండు ఆ మార్గమునే త్రొక్కెను. పార్లమెంటులకు తల్లియని పేరొందిన ఇంగ్లండు మాత్రము కదలలేదు. 1903 లో ఎమ్మెలిన్ పాంఖర్‌స్టు సంఘమును స్థాపించి తీవ్రోద్యమమును నడపెను. చెఱసాలలలో నుపవాసము చేసిన స్త్రీలకు గొట్టములతో బలవంతముగా నాహారమెక్కించిరి. ఉపవాసముచే క్షీణించినవారిని విడిచిపెట్టి, కోలుకొనగానే మరల పట్టుకొనుటకై 1913 లో ఒక చట్టమునే చేసిరి; లోకులు దానికి పిల్లియెలుకల చట్టమని పేరు పెట్టిరి. తుదకు 1918 లో ముప్పదియేండ్లు నిండి, ఆస్తి మొదలగు నర్హతలు గల స్త్రీలకు వోటు దొరకినది. పురుషులతో సమానముగా దొరకుటకు 1928 వఱకు వేచియుండవలసివచ్చెను. అమెరికా రాజ్యాంగమున నీ హక్కు 1920 లో చేరెను. సమానత్వమును లోకమునకు బోధించిన ఫ్రాన్సు 1944 వఱకును, ప్రజాప్రభుత్వమునకు పుట్టినిల్లనదగిన స్విట్జర్లండు తన జాతీయ యెన్నికలలో 1971 వఱకును స్త్రీలకు వోటునీయలేదు. నాగరికతలో ముందున్న దేశములన్నియు నీ విషయమునను ముందుండెనని తలచుట పొరపాటని వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇక మన దేశము సంగతి. ఈ కథ చెన్నపురియందు ప్రారంభమైనది. 1917 మే నెలలో అడయారునందు భారతీయ స్త్రీసంఘము స్థాపింపబడెను. అనిబిసెంటు, డొరొతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్సు అనువారు దాని స్థాపకులలో ముఖ్యులు. కజిన్సు ఐర్లండు దేశస్థురాలు. వోటు కొఱకై తన దేశముననే చెఱసాలను చూచి, 1915 లో భర్తతో నిచ్చటికి వచ్చినది. ఆమె భర్త జేమ్సు కజిన్సు మన మదనపల్లెలోని దివ్యజ్ఞానసమాజ కళాశాలయందు పనిచేసెను. 1919 లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చినపుడు, నేడు మనము జాతీయగీతముగా పాడుకొను పాటకు స్వరములు వ్రాసి పదిలపఱచినది యీ మార్గరెట్ కజిన్సే.

ఆ 1917 లోనే ఇండియామంత్రి యగు మాంటేగు, రాజప్రతినిధి చెమ్సుఫర్డుతో గూడి, రాజ్యాంగసంస్కరణలను గూర్చి ప్రజాభిప్రాయము తెలిసికొనుటకై దేశసంచారము చేయుచుండెను. స్త్రీవిద్యను గూర్చియు, సంఘసంస్కారమును గూర్చియు వారికి విన్నవింపవలెనని కజిన్సు అనుమతి కోరగా, రాజకీయవిషయములను మాత్రమే వినెదరని ప్రత్యుత్తరము వచ్చెను. విద్యనడుగబోయిన స్త్రీలకు, విద్య నడుగుటకైనను ముందు రాజకీయస్వత్వము కావలయునని యా యుత్తరమే బోధించినట్లయ్యెను. వెంటనే విన్నపమున వోటుహక్కును చేర్చిరి. 1917 డిసెంబరు 18 వ తేదీన చెన్నపురియందు స్త్రీల ప్రతినిధివర్గము మాంటేగును దర్శించెను. దానికి నాయకురాలు హైదరాబాదున పుట్టిన సరోజినీ నాయుడు. వారడిగినదేమి? వోటర్ల యర్హతలను నిర్ణయించునపుడు స్త్రీలను గూడ 'ప్రజలు' అను మాటలో చేర్పుడనియు, స్త్రీ యగుటయే యనర్హత యగునట్లు చట్టమున మాట పెట్టవలదనియు మాత్రమే. ఇంతకంటె తక్కువ యడుగుట సాధ్యము కాదు. ఇంతకంటె ముఖ్యమైనదియు వేఱొకటి లేదు.

దీనికి ఫలమేమి? 1918 లో వెలువడిన మాంటేగు చెమ్సుఫర్డు నివేదికలో స్త్రీల వోటును గూర్చి మాటయే లేదు. పిమ్మట వోటర్ల యర్హతలను విచారించుటకు వచ్చిన సౌత్‌బరో సంఘము, ఈ దేశపు సాంఘికస్థితిలో స్త్రీలకు వోటునిచ్చుట కాలము రాకముందే చేసిన పని యగునని చెప్పి త్రోసిపుచ్చెను. ఘోషాయున్నది గదా, విద్య లేదు గదా, భర్త చెప్పినట్లే వోటు వేయుదురు గదా యని యాక్షేపకుల వాదము. ఈ యాక్షేపణలను నిదానముగా విచారింపుడు. నాటి పురుషులలో నెందఱు చదువుకొన్నవారు? జమీందారు మాటకో, కరణము మాటకో, ఋణదాత మాటకో తలయొగ్గక స్వతంత్రించి వోటు వేయగలవారెందఱు? పురుషుల విషయమున నివి దోషములు. స్త్రీల విషయమున నివియే యనర్హతలు! ఒకే తప్పునకు రెండు తూకపురాళ్లు.

దేశీయ నాయకులు మాత్రము వెనుకాడలేదు. 1918 లో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు ప్రత్యేక సమావేశమున సరోజినీ నాయుడును, ఆ సంవత్సరాంతమున ఢిల్లీ సమావేశమున సరళాదేవి చౌధురాణియు స్త్రీల వోటుహక్కును సమర్థించు తీర్మానములను ప్రవేశపెట్టిరి. 1919 లో సరోజినీదేవి, అనిబిసెంటు, బొంబాయి పార్సీవనిత హీరాబాయి టాటా, ఆమె కొమార్తె మిథన్ టాటా లండనున పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చిరి. పార్లమెంటు గోడమీది పిల్లివాటమున వ్యవహరించెను: తానై యీయలేదు, కాదనలేదు, ఆయా రాష్ట్రముల శాసనసభలు తీర్మానించినచో స్త్రీలపై నున్న నిషేధము తొలగునని 1919 చట్టమున వ్రాసి, భారమును మన తలపై బెట్టెను.

ఈ పరీక్షయందు బ్రిటిషు ఇండియా రాష్ట్రములలోనెల్ల మొదట గెలిచినది చెన్నరాజధాని. గంజాము మొదలు అనంతపురము వఱకు గల తెలుగు మండలముల ప్రతినిధులును కూర్చుండిన యా శాసనసభయందు 1921 ఏప్రిల్ 1 వ తేదీన ఎం. కృష్ణన్ నాయరు తెచ్చిన తీర్మానము నెగ్గినది. సహాయనిరాకరణమును బట్టి కాంగ్రెసు ఆ సభను బహిష్కరించియుండెను. అధికారమున నున్నది జస్టిసుపక్షము. పక్షభేదములెట్లున్నను ఈ కీర్తి ఆ సభకు చెందవలసినదే. సంస్థానములలో తిరువాంకూరు అంతకుముందే యీ పని చేసియుండెను. ఆ సంవత్సరమే బొంబాయియు, 1923 లో సంయుక్తరాష్ట్రమును, 1925 లో వంగరాష్ట్రమును, 1926 లో పంజాబును, 1927 లో మధ్యపరగణాలును, 1929 లో బీహారు ఒరిస్సాలును అదే మార్గమునకు వచ్చినవి.

మన ప్రాసంగికులు సాధారణముగా నిచ్చట ఉపన్యాసమును ముగింతురు; సభవారు కరతాళధ్వనులు చేయుదురు. కాని నా ప్రశ్న యిచ్చటనే ప్రారంభమగుచున్నది. 1921 లో తొలగినది స్త్రీయన్న నిషేధము మాత్రమే. పురుషునకు గల యర్హతలే స్త్రీకిని గలవని చట్టమనెను. ఆ యర్హతలేవి? భూమిశిస్తు, ఇంటిపన్ను, ఆదాయపుపన్ను మొదలగునవి. పట్టా యెవరి పేర నున్నది? పన్ను రసీదు ఎవరి పేర వచ్చును? భర్త జీవించియున్న యిల్లాలి పేర పట్టాయున్న గృహములు మన మండలములలో నెన్ని? 'ఇంటికి దీపము ఇల్లాలు' అని సామెత చెప్పుదుము గాని, ఇంటిపన్ను పుస్తకములో దీపము పేరు వ్రాయము. ఇంగ్లండు చట్టమున ముప్పదియేండ్ల నిబంధనచే స్త్రీకి న్యూనత బాహాటముగా గానబడెను. మన చట్టమున సమానత్వము అక్షరములలో గానబడెను, న్యూనత మన యిండ్లలో దాగియుండెను. తత్ఫలితముగా దేశమంతటను ఇరువదిమంది పురుషవోటర్లకు రమారమి యొక్క స్త్రీవోటరు మాత్రమే యుండెను. చట్టమిచ్చిన దానిని ఆస్తిధర్మము మరల పుచ్చుకొనెను.

ఇంత స్వల్పమైన హక్కునైనను స్త్రీలు వ్యర్థపుచ్చలేదు. 1926 లో శాసనసభలయందు కూర్చుండు హక్కును లభించెను. ఆ యేడు మంగళూరు ప్రాంతమున కమలాదేవి చట్టోపాధ్యాయ అభ్యర్థినిగా నిలిచి కొలది వోట్లలో నోడిపోయెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి చెన్నపురి శాసనసభకు నామకరణము పొంది, 1927 లో ఉపాధ్యక్షురాలుగ నెన్నుకోబడెను. దేవాలయములకు బాలికలను దేవదాసులుగా సమర్పించు నాచారమును ఆమె ఆ సభయెదుటికి తెచ్చెను. ఆ కృషి ఫలితముగా 1929 లో దేవదాసీల ఇనాముభూములను గుడిసేవ నిర్బంధమునుండి విడిపించు చట్టము వచ్చెను. బాలికల సమర్పణమునే నిషేధించు చట్టము 1947 లో వచ్చెను. ఒక్క స్త్రీ సభయందు కూర్చుండినందున, తరతరములుగా పురుషులు చూచియు చూడనట్లున్న విషయము చర్చకు వచ్చెను. వోటు వలన స్త్రీలకేమి యొరిగెనని ప్రశ్నించువారికి ఈ యుదాహరణము చాలునని తలంచెదను. 1930 లో గాంధీజీని నిర్బంధించినపుడు ముత్తులక్ష్మీరెడ్డి తన పదవిని త్యజించెను.

ఆ 1930 ఉప్పుసత్యాగ్రహమున వేలకొలది స్త్రీలు వీధులలోనికి వచ్చిరి, చెఱసాలలకు బోయిరి. మన రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి వారిలో నొకతె. మన దేశమున కలహమే లేదన్నవారు ఈ చెఱసాలల సంగతి మఱచినట్లున్నారు. పేరునకది ఉప్పు కొఱకు. కాని చెఱసాలకు పోదగిన స్త్రీ వోటునకు తగదని యా పిమ్మట చెప్పగల నోరు లేకపోయెను. 1931 లో కరాచీ కాంగ్రెసు వయోజనులందఱికిని వోటు, స్త్రీపురుష సమానత్వము అను సూత్రములను అంగీకరించెను.

దొరతనమువారి త్రోవ వేఱు. 1932 లో లోథియన్ సంఘము స్త్రీవోటర్ల సంఖ్యను పెంచవలెనని యంగీకరించి, అందులకొక యుపాయమును కనుగొనెను: ఆస్తిగల పురుషుని భార్యకు భార్య యగుటచేతనే వోటునిచ్చుట! స్త్రీలలో రాధాబాయి సుబ్బరాయన్, బేగం షా నవాజ్ వంటివారు ప్రత్యేక సౌకర్యములు లేనిదే సంఖ్య పెరుగదని వాదించిరి. వారి భయము నిరాధారము కాదు. కాని మన ప్రధాన స్త్రీసంఘములు మూడును దీనిని నిరాకరించినవి. వివాహమును వోటునకర్హతగా జేయుట స్త్రీ పరాధీనతను చట్టముచే స్థిరపఱచుటయే యని వారి వాదము. భర్తకు పొలము పోయినచో భార్యకు బుద్ధి పోవునా? అవివాహితకు దేశముపై నభిమానముండదా? 1933 లో రాజకుమారి అమృతకౌర్, ముత్తులక్ష్మీరెడ్డి, హమీద్ అలీగారి సతీమణి లండనునకు బోయి, వయోజనులందఱికి వోటు తప్ప వేఱొండు మార్గము తమకు సమ్మతము గాదని సాక్ష్యమిచ్చిరి. తమకు దొరకబోవు వోట్లను తామే వలదని, ఎల్లరకును గావలెనని యడిగిన యా స్త్రీల నిబ్బరమును మనము తగినంతగా స్మరింపలేదు.

వారి మాట చెల్లలేదు. 1935 చట్టము భార్యాత్వమును, అక్షరజ్ఞానమును అర్హతలుగా జేర్చి సుమారు 60 లక్షలమంది స్త్రీలకు వోటునిచ్చెను. రాష్ట్ర శాసనసభలలో 41 స్థానములను స్త్రీలకు ప్రత్యేకించెను. 1937 ఎన్నికల పిమ్మట రమారమి 80 మంది స్త్రీలు శాసనసభలయందు సభ్యులైరి. విజయలక్ష్మీ పండిట్ సంయుక్తరాష్ట్రమున మంత్రిణి యయ్యెను. ఆచంట లక్ష్మీపతిగారి భార్య రుక్మిణీ లక్ష్మీపతి చెన్నపురి శాసనసభకు ఉపసభాపతి యయ్యెను. 1946 లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గమున ఆరోగ్యశాఖను వహించెను.

తుదకు రాజ్యాంగ నిర్మాణసభ వచ్చెను. అందు 15 మంది స్త్రీలు పాల్గొనిరి. దుర్గాబాయి యచ్చట మన ప్రాంతపు గొంతుక. హంసా మెహతా యను మఱియొక సభ్యురాలు, ఐక్యరాజ్యసమితివారి 1948 మానవహక్కుల ప్రకటనమును వ్రాయు సంఘమునందు కూర్చుండి, అందు పురుషవాచకముగ నున్న పదమును మార్పించి 'మానవులెల్లరు' అనిపించెను. 1917 లో చెన్నపురియందు 'ప్రజలు' అను పదములో చోటడిగినవారికి, 1948 లో ప్రపంచ శాసనమునందు చోటు దొరకినట్లయ్యెను. 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున 326 వ అధికరణము 21 సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకును, ప్రతి పౌరురాలికిని వోటునిచ్చెను. పట్టా యక్కఱలేదు, రసీదు అక్కఱలేదు, భర్త యక్కఱలేదు, బడి చదువు అక్కఱలేదు. చదువురానివారికై ఒక్కొక్క అభ్యర్థికి గుర్తుగల పెట్టె నొక్కొక్కదానిని 1951-52 ఎన్నికలలో నుంచిరి. సౌత్‌బరో సంఘము నాటి యాక్షేపణకు అట్లొక యుక్కుపెట్టెయు, దానిపై నంటించిన బొమ్మయు సమాధానమైనవి.

అయినను కథ ముగియలేదు. వోటర్ల జాబితాలు వ్రాయబోయిన ఉద్యోగులకు ఉత్తరహిందుస్థానమున వింత యనుభవము కలిగెను. 'నీ పేరేమి?' యని యడిగిన, ఫలానివారి భార్యననియు, ఫలానివాని తల్లిననియు చెప్పిరే గాని తమ పేరు చెప్పరైరి. పరపురుషునికి పేరు చెప్పుట మర్యాద కాదని వారి నమ్మకము. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార సేన్ అట్టి నమోదులను అంగీకరింపలేదు. గడువు పెంచియు, ప్రచారము చేయించియు పేర్లు చెప్పింప యత్నించెను. తుదకు దేశమందలి సుమారు 8 కోట్ల స్త్రీవోటర్లలో దాదాపు 28 లక్షలమంది పేర్లు లేనికారణమున జాబితాలనుండి తొలగింపబడిరి. వారిలో నెక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశము, రాజస్థానము మొదలగు ప్రాంతములవారు. కఠినమైన నిర్ణయమే. కాని భార్యాత్వమును అర్హతగా జేయవలదని 1933 లో లండనున చెప్పిన స్త్రీల మాటను ఈ యుద్యోగి కార్యరూపమున నిలబెట్టెనని నాకు తోచుచున్నది. తరువాతి యెన్నికల నాటికి ఆ లోపము చాలవఱకు తీరెను.

ఆ యెన్నికలలోనే హైదరాబాదు రాష్ట్రపు తెలుగు స్త్రీలు వయోజన వోటును మొదటిసారి వినియోగించుకొనిరి. ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవియు, బాన్సువాడనుండి సంగం లక్ష్మీబాయియు శాసనసభకెన్నికైరి. వారు ఎవరి భార్యలో, ఎవరి తల్లులో జాబితాకు అక్కఱలేకపోయెను.

సోదరులారా! ఇది యంతయు గతించిన చరిత్రమని మీరు తలపవలదు. 1989 లో వోటు వయస్సు 18 కి తగ్గెను. 1993 లో రాజ్యాంగసవరణమువలన పంచాయతులలోను, పురపాలక సంఘములలోను మూడవవంతు స్థానములు స్త్రీలకు వచ్చెను. 2019 లోకసభ యెన్నికలలో స్త్రీల వోటింగు శాతము పురుషుల శాతమును మొదటిసారి యొకించుక మించెను. అయినను 2024 లో 543 స్థానములకు ఎన్నికైన స్త్రీలు 74 మంది మాత్రమే. శాసనసభలలోను, లోకసభలోను మూడవవంతు స్థానములు స్త్రీలకీయవలెనని 2023 లో చేసిన రాజ్యాంగసవరణము సహితము, జనాభాలెక్కలును, నియోజకవర్గముల పునర్విభజనమును జరిగిన పిమ్మటనే యమలునకు వచ్చునను నిబంధనతో పుట్టినది. వోటు వేయు చేతులకును, సభలో కూర్చుండు తలలకును నడుమ నింత దూరమేల?

కారణమును ఢిల్లీలో వెదకుటకు ముందు మన వీధిలో వెదకుదము. స్త్రీ సర్పంచిగా నెన్నికైన గ్రామమునకు బోయి చూడుడు. పెక్కుచోట్ల కుర్చీలో భర్త కూర్చుండును, సంతకము మాత్రము ఆమెది. గోడమీది బోర్డుపై ఆమె పేరు, వ్యవహారమంతయు ఆయనది. 1921 లో పట్టా చేసిన పనిని, 1935 లో భార్యాత్వము చేసిన పనిని నేడు ఈ యాచారము చేయుచున్నది. చట్టము ఆమెను ప్రజలలో నొకతెగా లెక్కించిన పిమ్మటను, మనము ఆమెను ఫలానివారి భార్యగానే లెక్కించుచున్నాము.

ఈ పఠనమందిరమునకు నిత్యము వచ్చు పెద్దలకు నాదొక మనవి. మీ పేటలోని వోటర్ల జాబితా తెప్పించి చూడుడు. అందు మీ యింటి స్త్రీల పేర్లు సరిగా నున్నవో లేదో, వారు పిలిపించుకొను పేరుతోనే యున్నవో లేదో విచారింపుడు. ఇల్లో, పొలమో కొన్నపుడు పత్రమున ఇల్లాలి పేరును గూడ వ్రాయింపుడు. వోటునాడు ఎవరికి వేసితివని ఇంటికి వచ్చిన పిమ్మట ఆమెను ప్రశ్నింపకుడు. ఆ తెఱ చాటున ఆమె యొక్కతెయే యుండవలెనని చట్టము కోరినది. ఈ పఠనమందిరమున వార్తాపత్రికలు చదువుటకు వచ్చువారిలో స్త్రీలెందఱో లెక్కించి, వారికి వచ్చుటకు వీలైన వేళయు, కూర్చుండుటకు బల్లయు నేర్పఱుపుడు. ఇవి చిన్న పనులు. చేయుటకు శాసనసభ తీర్మానమక్కఱలేదు, ఎవరి యనుమతియు నక్కఱలేదు.

1917 లో కొందఱు స్త్రీలు చెన్నపురిలో నడిగినది మమ్ము ప్రజలుగా లెక్కింపుడని. దొరలకు వేసిన యా ప్రశ్నకు 1950 లో రాజ్యాంగము సమాధానము చెప్పినది. మన యిండ్లు సమాధానము చెప్పవలసి యున్నది. ఈ సంవత్సరము గడచి మరల మనము వార్షికసభకు గూడునాటికి, కనీసము ఈ పేటయైనను ఆ సమాధానమును సిద్ధపఱచుకొనుగాక యని కోరుచున్నాను.